వరదలో మునిగిన ఇనప పొయ్యికి మళ్ళీ నలుపు

మా అమ్మ పెరట్లో వాడే కట్టెల పొయ్యి మట్టిది కాదు, ఇనపది. అయిదు మిల్లీమీటర్ల రేకుతో చేయించిన పెట్టె. పైన గిన్నెలు కూర్చోడానికి రెండు గుండ్రటి ఖాళీలు, ముందు పోత ఇనుము తలుపు, లోపల చువ్వల జల్లెడ, దాని కింద బూడిద పడే అర, వెనకనుంచి పాక చూరు దాటి పైకి పోయే నాలుగంగుళాల పొగగొట్టం. ఇంట్లో గ్యాసు ఉంది. కాని మాది లంక ఊరు, ఇంటి చుట్టూ కొబ్బరితోట. మట్టలూ డొక్కలూ చిప్పలూ ఏడాది పొడుగునా పోగవుతూనే ఉంటాయి. స్నానాలకి నీళ్ళు కాగాలన్నా, పండక్కి అరిసెలు వండాలన్నా, చుట్టాలొచ్చి పెద్ద గిన్నె ఎక్కాలన్నా మా ఇంట్లో ఆ పొయ్యే.

2022 జులైలో గోదారికి వరద వచ్చింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. 1986 తర్వాత అంత ఎత్తు అదే. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకి పైగా కిందికి వచ్చాయి. అక్కడ 17.75 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు, ఆ మట్టానికే మా లంకల్లో జనం సామాను అటకల మీదకి ఎక్కిస్తారు. ఈసారి నీళ్ళు మా అరుగు ఎక్కలేదు గాని పెరడంతా మునిగింది. పొయ్యిని కదపడానికి నలుగురు మనుషులు కావాలి, ఆ హడావిడిలో నలుగురు ఎక్కడ దొరుకుతారు? అది సగం దాకా నీళ్ళలోనే నిలబడింది.

నీళ్ళు తీశాక చూస్తే బూడిద అర నిండా ఒండ్రు. ఆ ఒండ్రు, పాత బూడిద కలిసి గట్టి ముద్ద అయిపోయాయి. అసలు హాని చేసింది అదీ. గోదారి నీళ్ళు తీపి నీళ్ళే, ఒక్క మునకకి అయిదు మిల్లీమీటర్ల రేకుని ఏమీ చెయ్యవు. కొబ్బరి డొక్కల బూడిద సంగతి వేరు. అందులో పొటాషియం లవణాలు దండిగా ఉంటాయి, క్లోరైడులూ ఉంటాయి. మన పెద్దవాళ్ళు కొబ్బరి మొదట్లో బూడిద వేసేది అందుకే, చెట్టుకి అది బలం. ఇనుముకి మాత్రం అదే చీడ. ఆ లవణాలు గాలిలో తేమ పీల్చుకుని ఎప్పుడూ చెమ్మగా ఉంటాయి, చెమ్మలో ఉప్పు ఉంటే తుప్పు ఆగదు. వరద రాకపోయినా బూడిద అరని వారానికోసారి ఊడ్చకపోతే పొయ్యి అడుగే ముందు పోతుంది. పొయ్యి పాడైందంటే జనం వానని తిడతారు, అరలో తడిసిన బూడిద వైపు ఎవరూ చూడరు.

అమ్మ తనకి తెలిసిన మందు తను వేసింది. ఇనప పెనానికీ మూకుడికీ తుప్పు పట్టకుండా రాసినట్టే, జంతికలు వేయించగా మిగిలిన నూనె గుడ్డతో పొయ్యి అంతా పట్టించి, దాని మీదే రోజూ మంట వేసింది. ఇనుము మీద నూనె కాగితే గట్టి పొరలా బిగుస్తుంది కాబట్టి అది తెలివైన పనే. కాని కింద తుప్పు తియ్యకుండా పైన నూనె పట్టిస్తే ఆ పొర తుప్పు మీద కూర్చుంటుంది, ఇనుము మీద కాదు. దీపావళి వెళ్ళేసరికి పక్కలు జిడ్డు జిడ్డుగా, మచ్చలు మచ్చలుగా, అడుగున పొలుసులు లేచి ఉన్నాయి.

నేను రాజమండ్రిలో ఉంటాను. సంక్రాంతికి ముందు దీన్ని బాగు చెయ్యాలని చెబితే అమ్మ, “పొయ్యికి బొట్టూ కాటుకా పెడతావేంట్రా?” అంది. తన చిన్నప్పుడు మట్టి పొయ్యిని రోజూ పేడతో అలికి, ఎర్రమట్టి పూసి, ముగ్గు వేసేవారట. ఇదీ అలాంటి అలకడమే గాని రోజూ చెయ్యక్కర్లేదని చెప్పాను. ఆ మాటకి మెత్తబడింది.

రంగు కోసం రావులపాలెం వెళ్ళాను. కొట్టాయన ముందు మామూలు నల్ల ఎనామిల్ తీశాడు. “పొయ్యికండీ” అంటే, “ఇదీ ఇనుముకేనండి, గేట్లకీ గ్రిల్సుకీ ఇదే ఇస్తాం” అన్నాడు. గేటు ఎండలోనే ఉంటుంది, పొయ్యి నిప్పు పక్కన ఉంటుంది. మామూలు ఎనామిల్‌లో రంగుని పట్టి ఉంచేది నూనె కలిసిన ఆల్కిడ్ రెజిన్. నీళ్ళు మరిగే వేడి దాటిన కొద్దీ అది పసుపెక్కి, బుడగలు లేచి, ఆఖరికి మాడి పెళుసులుగా రాలిపోతుంది. అడుగున కొట్టే రెడ్ ఆక్సైడ్ ప్రైమరూ అంతే. పైన ఎంత మంచి రంగు వేసినా కింద ప్రైమర్ మాడితే మొత్తం ఊడి వస్తుంది. పెయింటు పనివాళ్ళకి ఇనుము కనిపిస్తే రెడ్ ఆక్సైడ్ కొట్టడం అలవాటు అయిపోయింది గనక పొయ్యి ఎవరికైనా అప్పజెప్పేటప్పుడు ఇది ముందే చెప్పాలి.

తర్వాత వెండిరంగు డబ్బా తీశాడు. “రైస్ మిల్లుల వాళ్ళు బాయిలర్లకీ గొట్టాలకీ ఇదే పట్టుకెళ్తారండి, ఆయ్.” ఇది సరుకే. వేడి తట్టుకునే అల్యూమినియం పెయింటు. మన వైపు ఉప్పుడు బియ్యం మిల్లుల పొగగొట్టాలు తళతళలాడేది దీనివల్లే. కాని మా పొయ్యి నలుపు, అక్కడక్కడ వెండి అతుకులు వేస్తే అమ్మ ఊరుకోదు. ఆఖరికి నాకు కావలసింది పెయింటు కొట్లో దొరకలేదు, నాలుగు కొట్ల అవతల మోటారు సైకిల్ స్పేర్ పార్టుల కొట్లో దొరికింది. సైలెన్సర్లకి కొట్టే మాట్ బ్లాక్, అంటే మెరుపు లేని నలుపు స్ప్రే. డబ్బా మీద 600 డిగ్రీలని ఉంది. మామూలు స్ప్రే కన్నా ధర ఎక్కువే. కొనేటప్పుడు ఆ అంకె చూడటం మరిచిపోకూడదు, ఎందుకంటే అదే అరలో, అదే సైజులో, అదే నలుపులో మామూలు స్ప్రేలు కూడా ఉంటాయి.

ఈ రంగు వేడిని ఎలా ఓర్చుకుంటుందో తెలిస్తే తర్వాత చెప్పబోయే సగం పని ఎందుకో అర్థమవుతుంది. ఇందులో ఉండేది సిలికోన్ రెజిన్. దాని వెన్నెముక సిలికాన్, ఆక్సిజన్ పరమాణువుల గొలుసు, అంటే ఇసుకకి దగ్గర చుట్టం. ఆ గొలుసుకి అంటుకుని కర్బన భాగాలు కొన్ని ఉంటాయి. వేడెక్కినప్పుడు అవి పొగై పోతాయి, మిగిలిన గొలుసులు ఒకదానికొకటి ముడిపడి ఇనుముని పట్టుకుంటాయి. నలుపు కోసం మసి వాడితే ఎక్కువ వేడికి అదీ కాలిపోతుంది కాబట్టి లోహాల ఆక్సైడ్ల నలుపు కలుపుతారు. కొట్టిన అరగంటకి చేతికి అంటకుండా ఆరినట్టు కనిపించినా అది ఆరడం మాత్రమే. గోరు పెట్టి గీస్తే లేచిపోతుంది. 200 డిగ్రీలు దాటించి పొయ్యి మీదే కాల్చాలి, అప్పుడు గాని అది రంగు అనిపించుకోదు.

అసలు రంగు వెయ్యదగ్గ స్థితిలో పొయ్యి ఉందా లేదా అన్నది ముందు తేల్చాలి. దాన్ని చేసిన వెల్డింగు బాబాయిని పిలిచాను. చిన్న సుత్తి పట్టుకుని అడుగు చుట్టూ టక్ టక్‌మని కొట్టుకుంటూ వెళ్ళాడు. గట్టి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు బొద్దుగా పలుకుతుంది. వెనక మూల ఒకచోట ఆయన చెవి పెట్టి మళ్ళీ కొట్టాడు. “ఇక్కడ పల్చబడింది మాస్టారూ. చిల్లి పడలేదు గాని ఇంకో వరదకి ఆగదండి. ఇప్పుడే పట్టీ వేసేత్తాను, రంగేసాకా మళ్ళీ నన్ను పిలిత్తే మీ రంగంతా మాడిపోద్ది.” నిజమే, వెల్డింగు పని ఉంటే రంగుకి ముందే అయిపోవాలి. జానెడు పట్టీ అతికించి, అంచులు గ్రైండరుతో చదును చేసి వెళ్ళాడు.

ఇక గోకుడు. ఈ పనంతటిలో శ్రమ ఇక్కడే. నూనె బిగుసుకున్న చోట తిన్నరు, అంటే పెయింటు పల్చన చేసే ద్రావకం, ఏమీ చెయ్యలేదు. తిన్నరు పచ్చి జిడ్డుని కరిగిస్తుంది గాని కాగి గట్టిపడ్డ నూనెని కరిగించదు. గుడ్డ నల్లబడింది, పొర అలాగే ఉంది. వేడినీళ్ళలో వాషింగ్ సోడా చిక్కగా కలిపి, బ్రష్షుతో పట్టించి, కాసేపు నాననిచ్చి, తీగ బ్రష్షుతో రుద్దితే అప్పుడు గోధుమరంగు బురదలా జారింది. చేతులకి రబ్బరు తొడుగులు లేకపోతే ఆ సోడా చర్మాన్ని పగలగొడుతుంది. మొండికేసిన చోట డ్రిల్లుకి తీగ చక్రం బిగించి తిప్పాను. కళ్ళద్దాలు తప్పనిసరి. ఆ చక్రంలోంచి తీగలు ఊడి సూదుల్లా ఎగురుతాయి, నా చొక్కాకి ఒకటి గుచ్చుకుని కనిపించింది.

పొలుసులు లేచిన తుప్పుని పుట్టీ పట్టెతో లేపాలి, పొడి తుప్పుని 80 నంబరు ఎమెరీ కాగితంతో రుద్దాలి. గుంటల్లో దూరిన తుప్పు మాత్రం తేలిగ్గా రాదు. అక్కడ అమ్మ ఒక సలహా ఇచ్చింది, ఇత్తడి బిందెలు తోమే చింతపండు. చింతపండు పులుపు తుప్పుని కరిగించే మాట వాస్తవమే. గుంటలకి గుజ్జు పట్టించి ఉంచితే నల్లగా కరిగి వచ్చింది. అయితే పులుపు మిగిలితే మళ్ళీ తుప్పే కాబట్టి వెంటనే కడగాలి, కడిగిన వెంటనే ఆరబెట్టాలి. మన డెల్టా గాలికి ఆ “వెంటనే” చాలా చిన్నది. శుభ్రంగా మెరుస్తున్న రేకుని తడిగా వదిలి భోజనానికి వెళ్ళొస్తే చేతికి నారింజ పొడి అంటుతుంది. అందుకే కడిగిన చోటల్లా తుడిచి, లోపల రెండు మట్టలు మండించి వేడి చేశాను. గుంటల్లో దాక్కున్న తడి కూడా ఆ వేడికి పోతుంది.

తర్వాత 120 నంబరు కాగితంతో అంచులు పల్చన చెయ్యడం. పాత రంగు గట్టిగా ఉన్న చోటికీ, గోకి తీసిన చోటికీ మధ్య గోరుకి తగిలే మెట్టు ఒకటి ఉంటుంది. ఆ మెట్టు ఉండగా రంగు కొడితే కొత్త రంగు కింద మచ్చ ఆకారం అచ్చుగుద్దినట్టు కనిపిస్తుంది, పైగా పొర లేచేది ఆ గట్టు దగ్గరే. వేలు జరిపితే మెట్టు తెలియనంత వరకు రుద్దాలి. విసుగు పని. రేడియో పెట్టుకున్నాను.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి. మచ్చలున్న చోటే కొట్టాలా, మొత్తం కొట్టాలా? నా మాట అడిగితే రెండూ వద్దు. ఏళ్ళ తరబడి వేడి తగిలిన పాత నలుపు బూడిదరంగుకి తిరిగి ఉంటుంది. అదే కంపెనీ, అదే రంగు తెచ్చినా పక్కన పెడితే కలవదు. మధ్యలో మచ్చ వేస్తే ఎప్పటికీ మచ్చే. బాగున్న పాత రంగు మొత్తం గోకి తియ్యడమూ వృథా, అది ఇనుముని ఇంకా గట్టిగానే పట్టుకుని ఉంది. మధ్యేమార్గం, పొయ్యికి సహజంగా ఉన్న హద్దుల దాకా కొట్టడం. మూల నుంచి మూలకి, అతుకు నుంచి అతుకుకి, తలుపు చట్రం దాకా. ఒక ముఖం మొత్తం ఒకే నలుపులో ఉంటే పక్క ముఖం కాస్త వెలిసినా కంటికి ఆనదు. నేను రెండు పక్కలూ వెనకా కింది సగం చెడ్డాయి గనక ఆ ముఖాలు పూర్తిగా కొట్టాను. ముందు భాగంలో తలుపు మీద చిన్న గీతలే ఉన్నాయి. అక్కడ స్ప్రే కొట్టలేదు. డబ్బా మూతలోకి కాస్త కొట్టుకుని, పిల్లల బొమ్మల కుంచెతో అద్దాను.

డిసెంబరులో మా దగ్గర తెల్లవారితే కాలవ మీద మంచు గోడలా నిలబడి ఉంటుంది. రాత్రంతా చల్లబడ్డ ఇనుము మీద కంటికి కనిపించని తేమ పొర పడుతుంది. తొమ్మిదింటికి ఎండ వచ్చింది కదా అని డబ్బా పట్టుకుంటే ఆ తేమ మీద కొట్టినట్టే. రేకుని చేత్తో తాకితే గోరువెచ్చగా ఉండాలి, అప్పుడే మొదలుపెట్టాలి. మాకు అది పదకొండు దాటాక. మధ్యాహ్నం మూడు లోపల ముగించాలి. మంట వేసి వెచ్చబెట్టుకుని కొడదామనుకునేవాళ్ళు ఆగాలి. స్ప్రే డబ్బాలో రంగుని తోసేది వంటగ్యాసు జాతి వాయువు. పొయ్యిలో చిన్న నిప్పురవ్వ ఉన్నా భగ్గుమంటుంది. ముందురోజు ఆరబెట్టిన మంట బూడిద పొద్దున్నే మొత్తం ఎత్తి, చెయ్యి పెట్టి చూసి, లోపలంతా చల్లగా ఉందని తేల్చుకున్నాకే డబ్బా తీశాను. ఎండ వెచ్చదనం చాలు.

గోకిన పొడి పోయేలా మొత్తం ముందు పొడి గుడ్డతో, తర్వాత తిన్నరు తడిపిన గుడ్డతో తుడిచాను. పచ్చి ఇనుము మీద ఇప్పుడు తిన్నరు పని చేస్తుంది. ఆ తర్వాత వట్టి చేత్తో ముట్టుకోకూడదు, వేళ్ళ జిడ్డు కూడా మచ్చ కింద తేలుతుంది. తలుపు, పైరేకు, గొట్టం మొదలు పాత ‘ఈనాడు’ కాగితాలతో కప్పి టేపు వేశాను. డబ్బా గిలకొట్టడంలో కంగారు పడకూడదు. లోపల గోళీ చప్పుడు మొదలయ్యాక ఇంకో రెండు నిమిషాలు ఊపాలి. అడుగున కూర్చున్న నలుపు పైకి రాకపోతే కొట్టేది వట్టి రెజిన్.

అడుగు దూరంలో డబ్బా పట్టుకుని, రేకు బయట మొదలెట్టి రేకు బయట ఆపుతూ, పల్చగా పొడిపొడిగా ఒక పొర. మొదటి పొర తర్వాత కింది ఇనుము కనిపిస్తూనే ఉంటుంది, కనిపించనీ. ఒక్కసారే నల్లగా చేద్దామని నింపితే కారుతుంది. కారకపోయినా మందమైన పొర లోపలి ద్రావకం బయటికి రాలేక మంట వేసినప్పుడు బుడగలు లేస్తుంది. పావుగంట ఆగి అడ్డంగా కొట్టిన దాని మీద నిలువుగా రెండోది, ఇంకాసేపాగి మూడోది. మామూలు పెయింట్లలో మందం మేలు, ఇక్కడ మందం చేటు. అమ్మ దూరంగా కూర్చుని చూస్తూ, “ఇదేం అలకడంరా, గాలికే సగం పోతోంది” అంది. ఆ మాట నిజం. ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి, గాలి వచ్చే వైపు నిలబడాలి, ఆరేసిన బట్టలు తీసెయ్యాలి.

లోపలి గోడలకి రంగు కొట్టలేదు. మంట నేరుగా నాకే చోట ఏ రంగూ నిలవదు. పైరేకుకీ కొట్టలేదు. అక్కడ రోజూ గిన్నెలు ఈడుస్తారు, ఎలాగూ గీసుకుపోతుంది. అదీగాక వంట జరిగే చోట రంగు ఉండటం నాకే ఇష్టం లేదు. దాన్ని శుభ్రంగా గోకి అమ్మకి అప్పజెప్పాను. ఆవిడ నూనె వైద్యం అక్కడ బ్రహ్మాండంగా పనికొస్తుంది. పైన నూనె, పక్కల రంగు అని మా మధ్య ఒప్పందం.

మర్నాడు కాల్చడం. డబ్బా వెనక రాసి ఉన్న లెక్క ఇది: 120 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి చల్లార్చాలి, తర్వాత 200 దగ్గర అరగంట ఉంచి మళ్ళీ చల్లార్చాలి, ఆఖరికి 300 దాటించి అరగంట. గ్యాసు పొయ్యికైతే మరలు తిప్పొచ్చు. కట్టెల పొయ్యికి వేడి అదుపు చెయ్యడమంటే ఏ కట్టె పెట్టాలో తెలియడమే. కొబ్బరి చిప్పలు దగ్గరికి రానివ్వకూడదు. రెండు దోసెళ్ళ చిప్పలు అంటుకుంటే ఆ వేడికి హద్దుండదు, రంగు ఒక్కసారి బుడగలెక్కుతుంది. డొక్కలు పొగే గాని మంట సమంగా ఉండదు. నేను సరుగుడు పుల్లలు, వేలు లావువి, జానెడు ముక్కలు నరికించి పెట్టుకున్నాను. నాలుగు పుల్లలు, అవి నిప్పుగా మారాక ఇంకో రెండు. తలుపు కాస్త తెరిచి మూస్తూ గాలి సరిచెయ్యడం.

వేడి చూడటానికి ఐస్ ప్లాంటులో మోటార్లు చూసే స్నేహితుడి దగ్గర గన్ను థర్మామీటరు అడిగి తెచ్చాను. బేరింగులు వేడెక్కాయో లేదో చూసే రకం. కోవిడప్పుడు నుదుటికి పెట్టినవి ఇక్కడ పనికిరావు, జ్వరం వేడి దాటితే వాటికి చూపు ఆనదు. ఈ గన్ను నలుపు మాట్ రంగు మీద నమ్మకంగా చూపిస్తుంది, మెరిసే లోహం మీదా వెండిరంగు మీదా ఉన్నదానికన్నా బాగా తక్కువ చూపిస్తుంది. వెండిరంగు కొట్టినవాళ్ళు దాని అంకెని నమ్ముకోకూడదు. గన్ను లేనివాళ్ళకి అమ్మ పద్ధతి ఉంది, పెనం కాగిందా లేదా చూసేది. చిటికెడు నీళ్ళు చిలకరిస్తే చుయ్‌మని అక్కడే ఆవిరైతే వంద దాటింది. ఉండలు కట్టి రేకు మీద పరిగెడితే రెండొందల దరిదాపుల్లో ఉంది. ఇది రంగు వేసిన పక్కల మీద కాదు, రంగు లేని పైరేకు మీద చూడాలి. పైరేకు పక్కలకన్నా ముందు కాగుతుంది గనక కొంచెం తగ్గించి లెక్కేసుకోవాలి. గన్ను అంకెతో పోల్చి చూశాను, అమ్మ చిలకరింపు పెద్దగా తప్పలేదు.

మొదటి మంటలో ఏమీ జరగలేదు, కాస్త వాసన వచ్చిందంతే. రెండో మంట గన్ను మీద 180 చూపేసరికి పక్కల నుంచి తెల్లటి పొగ సన్నగా లేవడం మొదలైంది. పొయ్యి లోపలి పొగ కాదు, రేకు మీదనుంచే లేచే పొగ. ప్లాస్టిక్కూ కిరసనాయిలూ కలిసినట్టు ఘాటు, కళ్ళు మండాయి. పక్కింటి పిన్నిగారు గోడమీద నుంచి, “వైర్లు గానీ అంటుకున్నాయేంటి బాబూ?” అని అడిగింది. ఆవునీ దూడనీ ముందే తోట అవతల కట్టేయించాను. ఈ మంట ఆరుబయటో, నాలుగు వైపులా తెరుచుకున్న పాకలోనో వెయ్యాలి గాని మూసిన వంటగదిలో కాదు. పొయ్యి మీద ఏమీ పెట్టకూడదు, నీళ్ళ బిందె కూడా. అమ్మ ‘ఊరికే పోతున్న మంట’ చూసి ప్రాణం ఉసూరుమంటూ రెండుసార్లు బిందె తెచ్చింది. బిందె పెడితే నీళ్ళు వేడిని లాగేసుకుంటాయి, రేకు కావలసినంత కాగదు. తిప్పి పంపించాను.

అప్పుడే రంగు తీరు మారింది. మాట్ నలుపు కాస్తా తడిసినట్టు నిగనిగలాడింది. పాడైపోయిందని తుడవడానికి గుడ్డ తీస్తారు చాలామంది. తాకకూడదు. సిలికోన్ రెజిన్ గట్టిపడే ముందు ఒకసారి మెత్తబడుతుంది. ఆ కాసేపట్లో పుల్ల తగిలినా, పిల్లి రాసుకున్నా ఆ గుర్తు శాశ్వతం. పొగ తగ్గే కొద్దీ ఆ నిగనిగ పోయి మళ్ళీ చదునైన నలుపు తిరిగింది. ఆగి చల్లారనిచ్చాను. నీళ్ళు చల్లి చల్లార్చడం ఉండదు. రంగు సంగతి అటుంచి, కాగిన పోత ఇనుము తలుపు మీద చన్నీళ్ళు పడితే పగులుతుంది.

మూడో మంటకి సరుగుడు మొద్దులు పెట్టాను, ఆఖర్లో మాత్రం ఓ గుప్పెడు చిప్పలు. గన్ను 310, 320 చూపించింది. పొగ మళ్ళీ కొంచెం లేచి, పావుగంటలో పూర్తిగా ఆగిపోయింది. ఇంక పొగ రాలేదంటే ఆ వేడి వరకు పోవలసినవన్నీ పోయినట్టు. పొద్దు వాలాక చల్లారిన రేకు మీద గోరుతో గీస్తే గీత పడలేదు, తెల్లగుడ్డతో రుద్దితే నలుపు అంటలేదు. పట్టీ వేసిన మూల ఎక్కడుందో నాకు తెలుసు గనక కనిపిస్తోంది, వెల్డింగు బాబాయి వచ్చి వెతుక్కున్నాడు.

ఒకచోట, వెనక కింద, శనగగింజంత బుడగ లేచింది. అక్కడ గుంటలో నూనె మిగిలిపోయి ఉండాలి. దాన్ని చిదిపి, ఎమెరీతో రుద్ది, కుంచెతో అద్దాను. దానికి వేరే కాల్చడం పెట్టుకోలేదు, మర్నాడు అమ్మ కాచిన స్నానం నీళ్ళ మంటే సరిపోయింది. రెండు రోజుల పాటు పొయ్యి వేడెక్కినప్పుడల్లా లీలగా వాసన వచ్చింది. అది పూర్తిగా ఆగేదాకా అరిసెల పాకం గ్యాసు మీదే పట్టమన్నాను. పట్టింది గాని, గ్యాసు మీద పాకానికి ఆ కమ్మదనం రాదని ఊరంతా చెప్పింది.

మిగిలింది పొగగొట్టం. అది జీఐ పైపు, జింకు పూత ఉన్నది. దానికీ నాలుగు చేతులు కొట్టెయ్యమని వచ్చినవాళ్ళంతా చెప్పారు. కొట్టలేదు. జింకు పూత 200 డిగ్రీలు దాటి పదే పదే కాగితే పొరలుగా లేస్తుంది, 419 డిగ్రీలకి జింకు కరుగుతుంది, ఇంకా కాగితే దాని ఆవిరి పీల్చినవాళ్ళకి జ్వరం తెస్తుంది. లేచిపోయే పూత మీద ఏ రంగు వేసినా దాంతోపాటే పోతుంది. పొయ్యికి ఆనుకున్న మొదటి మూడడుగులూ మామూలు ఇనప గొట్టంతో మార్చమని బాబాయికి కొలతలిచ్చాను, పండగ హడావిడి తగ్గాక తెస్తానన్నాడు. అప్పటికి కావాలని డబ్బాలో మిగిలిన రంగు దాచాను. దాచేటప్పుడు డబ్బా తలకిందులుగా పట్టుకుని గాలి మాత్రమే వచ్చేదాకా ఒక్క క్షణం నొక్కితే మూతి మూసుకుపోదు. ఎండ తగలని చోట, పొయ్యి పాకకి దూరంగా, ఇంట్లో అటక మీద పెట్టాను. మళ్ళీ వరదొచ్చినా అక్కడికి రావు నీళ్ళు.